సదాశివం, హైమవతుల పంచాయితీ

మంగక్క డిగ్రీలో అన్ని పేపర్లూ పాసైంది, ఒక్క తెలుగు తప్ప.

అర్థశాస్త్రం పాసైంది. రాజనీతిశాస్త్రం పాసైంది. ఇంగ్లీషు కూడా అంచుమీద నడిచి దాటేసింది. ఆమె మాట్లాడేది తెలుగు, తిట్టేది తెలుగు, నిద్రలో కలవరించేదీ తెలుగేనని ఆమె భర్త దేవదాస్ సాక్ష్యం చెబుతాడు. అయినా తెలుగు పేపరు రెండుసార్లు తప్పింది. దానికి కారణం ఒక నవల.

సూరత్ శివారు డిండోలిలో మా అపార్టుమెంటు వెనక సందులో ఉంటుంది మంగక్క. సిరిసిల్ల పక్క పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఇక్కడికి వచ్చింది. దేవదాస్ కార్ఖానాలో సాంచ నడుపుతాడు. సాంచ అంటే మరమగ్గం. కూతురు నీరజ కాలేజీలో చేరి పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే చూసి, పదో తరగతితో చదువు ఆపేసిన మంగక్కకు తానూ అట్టలు వేయాలనిపించిందట. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరింది. పరీక్షలొస్తే నవజీవన్ రైలెక్కి వరంగల్ వెళ్ళి రాసి వస్తుంది. మిగతా రోజుల్లో ఇంట్లోనే కూర్చుని చీరలకు స్టోన్లు అంటించే పని చేస్తుంది. పగటిపూట మా బాబు రాజ్‌కిరణ్‌ను కూడా చూసుకుంటుంది. వాడికి రెండున్నరేళ్ళు. తాను ఏ పనీ చేయకుండా అందరిచేతా చేయించుకుంటాడు కాబట్టి వాణ్ణి సేఠ్ అంటుంది.

నేను పల్సానాలో ఒక రంగుల మిల్లు ప్రయోగశాలలో పనిచేస్తాను. బట్టకు వేసిన రంగు ఎన్ని ఉతుకులకు వెలుస్తుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. నా భర్త ఉదయ్‌కిరణ్ బ్యాంకులో చేస్తాడు. బిడ్డ పుట్టాక నేను పిల్లల పెంపకం గురించి చదవని వ్యాసం లేదు. తల్లిదండ్రుల కోపపు ముఖాలు పిల్లల మెదడు మీద ముద్ర వేస్తాయని ఒకచోట చదివాను. అప్పటినుంచి మా ఇంట్లో పోట్లాటలన్నీ నవ్వు ముఖంతోనే జరగాలని నియమం పెట్టాను. ఒకరోజు బిడ్డను దింపడానికి వెళ్ళినప్పుడు మేమిద్దరం అలాగే పోట్లాడుకుంటుంటే మంగక్క చూసింది.

"ఏంది మేడం, గిట్ల పండ్లు కనవడంగ కొట్లాడుతున్నరు?"

"పిల్లాడు భయపడకూడదు కదా, మంగక్కా."

"ఇగ నవ్వుడంటేనే భయపడతడు, సూడు."

నిజమే. ఆ నెలలో ఫోటో స్టూడియోలో మేమిద్దరం నవ్వగానే వాడు కెవ్వుమని ఏడ్చాడు.

సంసారాల విషయంలో మంగక్క మాటకు మా సందులో తిరుగులేదు. ఎవరింట్లోనైనా మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటున్నారని తెలిస్తే ఆమె నేరుగా వంటగదిలోకి వెళ్తుంది. గ్యాసుబండ రెగ్యులేటర్ ఊడదీసి కొంగున ముడి వేసుకుని గడపలో కూర్చుంటుంది. "ముచ్చట తెగేదాంక పొయ్యి వెలగది" అంటుంది. సాయంత్రం టీ వేళకు సగం కాపురాలు కుదుటపడతాయి. మిగతా సగం పిల్లలు అన్నానికి ఏడ్చేసరికి కుదుటపడతాయి.

పరీక్షలో ఆమె కొంప ముంచింది కూడా ఈ అలవాటే.

నవల పేరు 'గోడకవతల పొయ్యి'. సదాశివం, హైమవతి అనే దంపతుల కథ. చిన్న మాట పట్టింపుతో మొదలై ఇద్దరూ మాట్లాడుకోవడం మానేస్తారు. వంటింట్లో అడ్డంగా గోడ కట్టించి, అటొక పొయ్యి, ఇటొక పొయ్యి పెట్టుకుంటారు. అలా పదకొండేళ్ళు. మాటలు మోసేది పిల్లలు. "మీ నాన్నకు చెప్పు", "మీ అమ్మకు చెప్పు". పెద్దవాడు మాధవ మోసీ మోసీ మాట్లాడడమే మానేస్తాడు. చిన్నది కమల మాత్రం చివరిదాకా మోస్తుంది, కానీ ఒక్క మాటా ఉన్నదున్నట్టు చెప్పదు. చివరికి కమలకు పెళ్ళయి వెళ్ళిపోతుంది. గోడకు అటూ ఇటూ ఇద్దరు ముసలివాళ్ళు, మాట మోసేవాళ్ళు లేక అలా కూర్చుని ఉంటారు. అంతే నవల.

రెండోసారి తప్పాక నేను మంగక్కను అడిగాను. "ప్రశ్న ఏం వచ్చింది?"

"హైమవతి పాత్రను వివరింపుము."

"మీరేం రాశారు?"

"వివరించిన. హైమవతి మంచిదే గాని పంతం ఎక్కువ. ఆమె మేనత్తను పిలిపియ్యాలె. సదాశివాన్ని వారం దినాలు అరుగు మీద పండవెట్టాలె. అప్పట్ల గ్యాసు లేదు గావట్టి అగ్గిపెట్టెలు రెండూ నా తాన ఉంచుకోవాలె..."

"మీ దగ్గరా? నవలలో మీరు లేరు కదా!"

మంగక్క నిట్టూర్చింది. "అదే గదా బాధ."

"మరి కమల గురించి?"

"అబద్ధాలకోరు. రెండు తగిలిస్తే దారికొస్తదని రాసిన. రెండుసార్లూ గదే రాసిన. మాట మార్చలే."

నవ్వొచ్చినా నవ్వలేకపోయాను, ఎందుకంటే ఈసారి వ్యవహారం పెద్దది. డిండోలిలో మన తెలుగువాళ్ళ సంఘం ఒక చిన్న బాలబడి నడుపుతుంది. అందులో పాఠాలు చెప్పే బాలవ్వ వేసవి తర్వాత ఊరికి వెళ్ళిపోతోంది. ఆ కుర్చీకి మంగక్కే తగినదని పిల్లల తల్లులంతా అనేశారు. సంఘం పెద్దలు కూడా ఒప్పుకున్నారు, కానీ డిగ్రీ చేతికి రావాలన్నారు. మంగక్క రోజూ మా వాణ్ణి ఎత్తుకుని బాలబడి కిటికీ దగ్గర నిలబడి ఆ కుర్చీని చూసి వచ్చేది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఒక చేయి విరిగింది.

"ఆ ఇరిగిన చెయ్యికి గుడ్డ చుడత" అనేది. "సేఠ్‌ను ముందల కూసోవెడత."

ఈసారి తెలుగు తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది.

పాఠం చెప్పే పని నేను నెత్తిన వేసుకున్నాను. సాహిత్యం నాకు ఇంటర్‌తో ఆగిపోయింది. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పాత రంగుల కార్డు వెనక గళ్ళు గీసి, ఎడమవైపు కారణం, కుడివైపు ఫలితం, మధ్యలో బాణం గుర్తు వేశాను. సదాశివానికి ఒక రంగు, హైమవతికి ఒక రంగు, పిల్లలకు ఆ రెండూ కలిసిన రంగు.

మంగక్క దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మేడం, ఇది సంసారమా, కరెంటు బిల్లా?"

అప్పుడు పద్ధతి మార్చాను. ఆదివారాల్లో మంగక్క నవల పైకి చదవాలి, మిగతా ఆడవాళ్ళు స్టోన్లు అంటిస్తూ వినాలి, ఆ తర్వాత నేను ప్రశ్నలు అడగాలి. వినేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు మంగక్క అత్త చిన్నవ్వ, ఇంకొకరు పక్కింటి ప్రమీల.

నాలుగు పేజీలు కాకముందే చిన్నవ్వ తేల్చేసింది. "మొగోడు అలిగితే ఆడిదే పలకరియ్యాలె."

"ఎందుకు పలకరియ్యాలె?" ప్రమీల జిగురు సీసా కింద పెట్టింది. "ఆమె నోరేమన్న రేషన్ల వచ్చిందా?"

"నీ నోరైతే రేషన్ల రాలే. హోల్‌సేల్ల వచ్చింది."

"పెద్దమ్మా, నీ కొడుకును గట్లనే పాడు చేసినవ్!"

"నా కొడుకు సదాశివం లెక్క బంగారం!"

ఆ వేడిలో ఎవరు ఏ స్టోను ఎక్కడ అంటించారో ఎవరికీ తెలియలేదు. సాయంత్రం చూస్తే ఒక చీర మీద నెమలికి కంటికింద వరసగా తెల్ల స్టోన్లు కారుతున్నాయి. అచ్చం నెమలి ఏడుస్తున్నట్టుంది. చీరలు తీసుకెళ్ళే అసలు సేఠ్ తిడతాడని అందరూ వణికారు. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "అరే వా! ఐసా హీ ఔర్ బనావో" అని, ఇంకా ఇలాంటివే చేయమని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వాళ్ళకు ఏడ్చే నెమలి కావాలంటే నవల చదవక తప్పలేదు.

ఇంతలో దేవదాస్ అడుగుపెట్టాడు.

దేవదాస్ గురించి ఒక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా సాంచల చప్పుడులో పని చేసినవాడు కాబట్టి ఆయన గుసగుస పక్క బిల్డింగులో వినబడుతుంది. ఉప్పు అందుకోమంటే సందులో నలుగురు ఉప్పు తెచ్చిస్తారు. అలాంటి మనిషి ఒక ఆదివారం పని లేక గడప దగ్గర కూర్చుని, గోడ కట్టించే అధ్యాయం మొత్తం విన్నాడు. విని అన్నాడు:

"సదాశివం తప్పేంది? ఇంట్ల ఇజ్జత్ లేకపాయె. గోడ కట్టిండు. మంచిగ చేసిండు."

మంగక్క పుస్తకం మూసింది. "మల్లొక్కసారి అను."

"మంచిగ చేసిండు!"

"అంటే నువ్వు గూడ కడతవా?"

"కడత! గిప్పుడే ఇటుకలు తెస్త!"

వాళ్ళది ఒకటే గది. మధ్యలో గోడ కడితే ఎటువైపు మనిషీ కాళ్ళు చాపుకోలేడు. అయినా అన్నమాట అన్నమాటే కాబట్టి, దేవదాస్ కార్ఖానాలో పక్కన పడేసిన ఒక చీర తెచ్చి గది మధ్యలో తాడు మీద వేలాడదీశాడు. అది గాజు లాంటి పలుచని చీర. అవతల ఎవరు ఏం చేస్తున్నారో అంతా కనిపిస్తుంది. అటు తిరిగి అన్నం తింటుంటే ఏ కూరో కూడా తెలుస్తుంది. ఆ గోడకు అటొకరు, ఇటొకరు కూర్చుని, కనిపించనట్టు నటిస్తూ, మాట్లాడుకోవడం మానేశారు. దేవదాస్ గొంతు వినబడకపోయేసరికి పక్క బిల్డింగువాళ్ళు ఆయనకు జ్వరమేమోనని పళ్ళు పట్టుకుని చూడడానికి వచ్చారు.

ప్రమీల మంగక్క పద్ధతే మంగక్క మీద వాడింది. రెగ్యులేటర్ ఊడదీసి ఇంటికి తీసుకెళ్ళింది. ఏమీ తేలలేదు. దేవదాస్ బయట ఖమన్ టిఫిన్ తిన్నాడు. మంగక్క ఆ రెగ్యులేటర్ ఉన్న ప్రమీల ఇంట్లోనే తిన్నది. మర్నాడు ప్రమీలే దాన్ని తెచ్చి మళ్ళీ బిగించింది.

మాటలు మోసే పని నీరజ మీద పడింది. నీరజ సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఒక వాక్యంలో మూడు భాషలు కలుపుతుంది. ఆమె కాలేజీకి వెళ్ళిన సమయంలో ఆ పని ఎవరు చేస్తారో నేను ఊహించలేదు. ఒక సాయంత్రం బిడ్డను తెచ్చుకుందామని వెళ్ళేసరికి మంగక్క మా వాడి చేతిలో బిస్కెట్ పెట్టి అంటోంది:

"సేఠ్, అవతలికి పోయి చెప్పు. ఆ లుంగీ ఎవలు మడత పెడతరని అడుగు."

మా వాడు చీర కిందనుంచి దూరి అవతలికి వెళ్ళాడు. దేవదాస్ ముందు నిలబడి చేయి చాచాడు. దేవదాస్ ఇంకో బిస్కెట్ పెట్టి ఏదో చెప్పి పంపాడు. వాడు మళ్ళీ ఇటు వచ్చి చేయి చాచాడు. చేరవేసిన మాట ఒక్కటీ లేదు. వసూలు మాత్రం రెండువైపులా జరుగుతోంది.

వాణ్ణి వెంటనే ఎత్తుకున్నాను. ఇంటికి వెళ్ళి ఉదయ్‌తో అన్నాను. "మనవాడు మాధవ అయిపోతున్నాడు. ఇంక మాట్లాడడు."

"వాడు బిస్కెట్లు తింటున్నాడు. తినేటప్పుడు ఎవరు మాట్లాడతారు?" అన్నాడు ఉదయ్ నవ్వుతూ.

"నీకన్నీ తేలికే" అన్నాను నేనూ నవ్వుతూ. వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

అసలు భయం వేరే. పరీక్ష దగ్గరపడుతోంది, మంగక్క పుస్తకం ముట్టుకోవడం లేదు. "సదాశివం అని చదివితే ఈ మనిషి మొకమే కనవడుతున్నది. కోపంల అక్షరాలు అగుపిస్తలేవు" అంది. అప్పటికే బాలబడి కుర్చీ గురించి ఇంకెవరో వచ్చి కనుక్కుని వెళ్ళారట. ఆ సంగతి చెబుతూ ఆమె మొదటిసారి గొంతు తగ్గించింది. "నసీబ్ల లేదేమో మేడం."

అప్పుడు నీరజే వెళ్ళి సోమలింగం పెద్దయ్యను పిలుచుకొచ్చింది.

సోమలింగం ఒకప్పుడు సాంచల మేస్త్రీ. ఇప్పుడు చాలా పెద్దవాడు. మనవాళ్ళలో తగవులొస్తే ఆయన ముందే పంచాయితీ జరగాలి. ఆయనకు ఒక నియమముంది. ఎవరి వాదన వారు చెప్పుకోకూడదు. ముందు ఎదుటివారి వాదన వారే ఒప్పుకునేలా చెప్పాలి. ఎదుటివారు తల ఊపాకే తమ మాట ఎత్తాలి. ఎందుకని అడిగితే, "ఎవలిది వాళ్ళు చెప్పుకుంటే అది పంచాయితీ గాదు, ఎలక్షన్" అంటాడు.

ఆదివారం మా అపార్టుమెంటు కింద స్కూటర్లు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. సందు సందంతా వచ్చింది. సోమలింగం టీ తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"కొట్లాట ఎవల గురించి?"

"సదాశివం, హైమవతిల గురించి పెద్దయ్యా" అన్నాడు దేవదాస్.

"ఎన్నేండ్ల సంది?"

"పదకొండేండ్ల సంది మాట్లాడుకుంటలేరు. ఇంట్ల గోడ గూడ కట్టుకున్నరు."

ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. "పదకొండేండ్లా? ఇంట్ల గోడ గూడ కట్టిండ్రా? నాకు ఒక్కలు చెప్పలే?" చుట్టూ చూశాడు. "ఏరి వాళ్ళు? రాలేదా?"

వాళ్ళు పుస్తకంలో మనుషులని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నీరజ నోరు తెరిచింది కానీ చిన్నవ్వ ఆమె చేయి గిల్లింది.

"షిఫ్టుల ఉన్నరా?" అన్నాడు సోమలింగం.

"ఆ... షిఫ్టే" అన్నాడు దేవదాస్. జీవితంలో మొదటిసారి ఆయన నిజంగా గుసగుసలాడాడు.

"పిలిస్తే రాని మనుషులు! సరే. వాళ్ళ తరఫున మీరిద్దరు చెప్పుండ్రి. మంగమ్మా, నువ్వు ఆ సదాశివం మాట చెప్పు."

మంగక్క లేచింది. "ఆ సదాశివం ఒట్టి పనికిమాలిన..."

"అది నీ మాట. ఆయన మాట చెప్పు."

"ఆయనకు పెండ్లాం మీద ప్రేమ లేదు."

దేవదాస్ తల అడ్డంగా ఊపాడు. సోమలింగం మళ్ళీ చెప్పమన్నాడు. మంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది. నేను వెనకనుంచి పుస్తకం అందించబోతే వద్దంది. పుస్తకం మొత్తం ఆమెకు కంఠతా వచ్చు.

"ఆయనకు..." అంది నెమ్మదిగా. "ఆయనకు మొదలువెట్టుడు రాదు పెద్దయ్యా. మాట్లాడాలనే ఉంటది. దినాం పొద్దుగూకంగ గోడ కాడికొచ్చి దగ్గుతడు. బుక్కు... అంటే, ఆ ఇంట్ల దినాం దగ్గుతడు. నేను గది జలుబనుకున్న. అది జలుబు గాదు. అవతలికెళ్ళి ఆమె ఏమైందయ్యా అని అడుగుతదేమోనని సూస్తడు. ఆమె అడగది. ఈయన దగ్గుకుంటనే ముసలోడైతడు."

దేవదాస్ తల నిలువుగా ఊపాడు. ఊపి, దగ్గాడు.

మంగక్క గిర్రున తిరిగింది. "నువ్వు గూడ నాలుగు దినాల సంది దగ్గుతున్నవ్ గదా!"

"అది దూది దుమ్ము."

"సూరత్ల నువ్వు నేసేది పాలిస్టర్. దాంట్ల దూదేడికెళ్ళి వచ్చె?"

సందంతా గొల్లుమంది. సోమలింగం చేయెత్తాడు. "దేవదాస్, ఇగ నువ్వు హైమవతి మాట చెప్పు."

దేవదాస్ తల గోక్కున్నాడు. "ఆమె పొద్దంత కష్టపడతది. మొగడు రాంగనే ఫోన్ పట్టుకుంటడు."

"వాళ్ళ కాలంల ఫోన్ లేదు" అంది మంగక్క.

"మంచిది, పేపర్ పట్టుకుంటడు. ఆమె సదువుకుంటుంటే లైటు బందు చేస్తడు. నలుగురి ముంగట కూరల ఉప్పెక్కువైందంటడు. ఆమెకు మస్తు ఇజ్జత్ పోతది."

"ఉప్పు ముచ్చట హైమవతిది గాదు."

"మరెవలిది?"

"నాది!"

దేవదాస్ కింద చూశాడు. మంగక్క తల ఊపాలో వద్దో తెలియక కొంగు సర్దుకుని, చివరికి ఊపింది.

సోమలింగం ఇంకో టీ అడిగి, "పిల్లలు లేరా?" అన్నాడు. అందరూ నీరజ వైపు చూశారు. నీరజ నవలలో పిల్ల కాదు, కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"పెద్దయ్యా, నేను ఏక్‌దమ్ థక్ గయీ, అలిసిపోయిన. మమ్మీ ఏం చెప్పి పంపింది? మీ బాపుకు ఈ ఇంట్ల బువ్వ లేదని చెప్పు అని. నేను పోయి ఏం చెప్పిన? బాపూ, మమ్మీ అడుగుతుంది, ఎప్పుడు తింటవని. బాపు ఏమన్నడు? ఆమె వండిన వంకాయ కుక్క గూడ తినది అని. నేను వచ్చి ఏం చెప్పిన? మమ్మీ, వంకాయ బహుత్ మంచిగుందట."

మంగక్క నోరు తెరిచింది. "అనలేదా? మంచిగున్నదని అనలేదా? గందుకే గదనే మూడు దినాలు వంకాయ వండిన!"

"గందుకేనా!" అని దేవదాస్ అరిచాడు. ఆయన గొంతు తిరిగొచ్చిందని తెలిసి పక్క బిల్డింగు బాల్కనీలో ఎవరో చప్పట్లు కొట్టారు.

అందరూ నవ్వుతున్నారు. మంగక్క మాత్రం నవ్వడం ఆపేసి నీరజనే చూస్తోంది. దగ్గరకు పిలిచి, చెవి దగ్గర చెదిరిన వెంట్రుకలు సర్దింది.

"ఎన్ని మాటలు మార్చినవే?"

"యాద్ లేదు మమ్మీ. అన్నీ."

"భయమయ్యిందా?"

"మీకు తెలిస్తే ఇంకా గట్టిగ కొట్లాడుకుంటరని."

మంగక్క నా వైపు తిరిగింది. "కమలను అబద్ధాలకోరన్న మేడం" అంది. "రెండు తగిలియ్యాలని రాసిన. రెండుసార్లు."

సోమలింగం తీర్పు చెప్పాడు. ఆ చీర గోడ వెంటనే తీసేయాలి. ఉప్పు సంగతి ఇంట్లోనే మాట్లాడుకోవాలి, మెల్లగా. ఇంక నీరజ ఎవరి మాటలూ మోయకూడదు. మా వాడి విషయంలో ఏ తీర్పూ రాలేదు. ఆ సమయానికి వాడు ముసలాయన సాసరులోంచి బిస్కెట్ తీసుకుంటున్నాడు.

"ఆ సదాశివం, హైమవతిలది వాయిదా" అన్నాడు సోమలింగం లేస్తూ. "వాళ్ళను తోలుకొని రాండ్రి. పదకొండేండ్లంటే మాటలా!"

పరీక్షకు మంగక్క వెళ్తుంటే నేను స్టేషన్‌కు వెళ్ళాను. దేవదాస్ సంచి మోశాడు. రైలు కదులుతుంటే, "కమల గురించి మంచిగ రాయి!" అని అరిచాడు. రెండు బోగీలవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు.

తిరిగి వచ్చాక అడిగాను. కమల రాలేదట. 'సదాశివం పాత్రను విశ్లేషించండి' అని వచ్చిందట.

"మరి?"

"ఇంకేం జేస్త? పెద్దయ్య ముంగట నిలవడ్డట్టు నిలవడి, ఆయన మాట ఆయనే ఒప్పుకునేటట్టు రాసిన. దగ్గు గురించే రెండు పేజీలు."

"తీర్పు రాయలేదు కదా?"

మంగక్క గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"మంగక్కా!"

"చివరికి పావు పేజీ మిగిలింది మేడం. ఖాళీగ ఇడిసిపెట్ట బుద్ధి గాలె. అగ్గిపెట్టెల సంగతి జర రాసిన. జరంతనే."

ఆ కాగితం దిద్దినవారు ఆ పావు పేజీకి మార్కులు వేశారో, తీసేశారో, నవ్వుకున్నారో నాకు తెలియదు. ఫలితాలు వచ్చిన రోజు నేను ప్రయోగశాలలో రంగు కలుపుతూ ఫోన్‌లో చూశాను. ఒకసారి కాదు, ముమ్మారు చూశాను. ప్రయోగం ఏదైనా మూడుసార్లు ఒకే ఫలితం రావాలి కదా. పాస్. ఆ రోజు ఆ సీసాలో కలిపిన రంగు దేనికీ పనికిరాలేదు.

ఇప్పుడు మంగక్క బాలబడిలో ఆ నీలం కుర్చీలో కూర్చుంటుంది. విరిగిన చేతికి ఏడ్చే నెమలి చీర ముక్క చుట్టింది. ఇద్దరు పిల్లలు పెన్సిలు కోసం కొట్టుకుంటే, ఎవడి మాట వాడు చెప్పడానికి వీల్లేదు. మా వాడు మొన్న తన వంతు వచ్చినప్పుడు లేచి, "వానికి బిస్కెట్ గావాలె" అన్నాడట. పెన్సిలు కోసం ఏడుస్తున్న పిల్లాడు ఆలోచించి తల ఊపాడట. మా ఇంట్లో మేము నవ్వు ముఖంతో పోట్లాడుకోవడం మానేశాం. ఇప్పుడు మామూలుగానే పోట్లాడుకుంటున్నాం. వాడు పట్టించుకోవడం లేదు.

మొన్న ఆదివారం నేనూ మంగక్కా కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే, సోమలింగం పెద్దయ్య అరుగు మీద కూర్చుని కర్ర ఎత్తి ఆపాడు.

"మంగమ్మా, ఆ ఇద్దరు ఏమైరే? సదాశివం, హైమవతి? వాయిదా గట్లనే ఉండిపాయె."

నేను నోరు తెరిచాను, ఇక నిజం చెప్పేద్దామని. మంగక్క నా చేతిలోంచి సంచి లాక్కుని, మాట మోసుకొచ్చిన చిన్నపిల్ల లాగా ముఖం పెట్టింది.

"మాట్లాడుకుంటున్నరు పెద్దయ్యా. గోడ కూలగొట్టిండ్రట. నిన్ననే ఇద్దరు ఒక్క తాన కూసోని తిన్నరు."

ముసలాయన కర్ర దింపి, తృప్తిగా తల ఊపాడు.

"ఏం కూర?"

"వంకాయ" అంది మంగక్క. "మస్తు మంచిగున్నదట."